రాజశ్రీ రాయించిన రెండో అర్జీ

ఇంగ్లీషులో నాకు పగ ఉన్న మాట ఒక్కటే. అడ్జస్ట్. ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని, ఆ భాష మీద నాకు కోపమేమీ లేదు. ఈ ఒక్క మాట చెవిన పడితే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రాయపూర్‌లో ఈ మాట తెలియనివాళ్ళు లేరు. అక్షరం ముక్క రానివాళ్ళకూ ఇది వచ్చు. ఫాఫాడీ చౌక్‌లో షేర్ ఆటో ఎక్కుతానా, ముగ్గురు పట్టే సీటులో అప్పటికే నలుగురం ఉంటాం. డ్రైవరు అయిదో మనిషిని తోస్తూ, "థోడా అడ్జస్ట్ కర్ లో, మాతాజీ" అంటాడు, కొంచెం సర్దుకోమని. తన సీటులో తాను అంగుళం జరగడు. రైల్లో కింది బెర్తు నాది, మోకాళ్ళ నొప్పులూ నావే. కుర్రాడొకడు వచ్చి తన పై బెర్తు నాకిస్తానంటాడు, కొంచెం అడ్జస్ట్ అవమంటాడు. పెళ్ళిలో గది చాలకపోతే ఆడవాళ్ళు అడ్జస్ట్ అవ్వాలి. కూర చాలకపోతే వండినది అడ్జస్ట్ అవ్వాలి. జరగాల్సిన అవసరం లేనివాళ్ళు జరగాల్సినవాళ్ళతో చెప్పే మాట ఇది. నేను నిఘంటువు రాస్తే అర్థం ఇలాగే రాస్తాను.

నా పేరు కోటమ్మ. మాది గుంటూరు వైపు. మా ఆయన రైల్వేలో గార్డుగా చేసేవారు, అలా వచ్చి ఇక్కడ పడ్డాం. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్ కాలనీ పక్కన ఒక స్కూల్లో నేను టీచరుని. కాలనీలో తెలుగువాళ్ళు చాలామంది శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళు. ఇంట్లో శ్రీకాకుళం మాట, గుమ్మం దాటితే హిందీ. వాళ్ళ పిల్లలు నా దగ్గర చదివారు, వాళ్ళ పిల్లలూ చదివారు. రాజశ్రీ ఆ మొదటి తరం.

ఆరో తరగతిలో ఉండగా ఆ మాటకు అర్థం బోర్డు మీద రాసింది నేనే. సర్దుబాటు చేయు. పిల్లలంతా దించుకుంటుంటే రాజశ్రీ ఒక్కతే చెయ్యెత్తి, "దేన్ని టీచర్?" అని అడిగింది. "దేన్నైనా. రేడియో సౌండు, జడ రిబ్బను, నీ నోరు" అన్నాను. క్లాసంతా నవ్వింది. తనూ నవ్వి నోట్సులో రాసుకుంది.

పది పాసయ్యాక పెళ్ళి చేశారు. మొగుడు ఈశ్వర్ వర్క్‌షాప్‌లో ఫిట్టరు, బ్రేకుల విభాగంలో పని. అతని అన్న రామమూర్తి కూడా అక్కడే, అదే పని. ఈశ్వర్ మంచివాడు. సాయంత్రం ఇంటికొచ్చి నూనె మరకల చేతులు కడుక్కుంటూ ఆ రోజు ఏం చేశాడో పెళ్ళానికి చెప్పేవాడు. వ్యాగన్ కింద అడ్జస్టర్ అని ఒక గొట్టం లాంటిది ఉంటుందట. బ్రేకు దిమ్మ అరిగి సందు పెరిగితే అది లోపలికి లాక్కుంటుంది. కొత్త దిమ్మ వేసి సందు తగ్గితే బయటికి వదులుతుంది. రెండు వైపులా కదలాలి. ఒకే వైపు కదిలేదాన్ని పనికిరాదని చాక్‌పీసుతో గుర్తు పెట్టి పక్కన పడేస్తారట. ఈ సంగతి రాజశ్రీయే నాకు చెప్పింది. మొగుడు తనతో ఇనుము గురించి మాట్లాడతాడని దానికి గొప్పగా ఉండేది.

2014 వానాకాలంలో ఈశ్వర్‌కు డెంగ్యూ వచ్చింది. అయిదు రోజుల్లో పోయాడు. అప్పటికి కూతురు నవ్యకు పదహారు, కొడుకు యుగంధర్‌కు పద్నాలుగు. రాజశ్రీకి ముప్పై ఆరు.

రైల్వేలో ఉద్యోగం చేస్తూ మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ముందు భార్యను అడుగుతారు. ఆమె వద్దనుకుంటే కొడుకుకో కూతురికో ఇవ్వమని అర్జీ పెట్టాలి, పిల్లలు చిన్నవాళ్ళయితే పెద్దయ్యేదాకా ఆ ఉద్యోగం ఆగుతుంది. ఇది కాలనీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే మనిషి పోయిన ఇంట్లో ఏడుపు తగ్గేలోపే ఆ మాట వస్తుంది. మా కాలనీలో దానికి ముహూర్తం పెద్దకర్మ రోజు. భోజనాలయ్యాక విస్తళ్ళు తీసి, చాపలు వేసి, పెద్దవాళ్ళు కూర్చుంటారు. పోయినవాడి ఉద్యోగం ఎవరికని తేలుస్తారు. ఆ చాపల మీద కూర్చునేవాళ్ళలో ఆ ఉద్యోగం కావలసిన మనిషి మాత్రం ఉండదు. వంటింటి గుమ్మంలో నిలబడుతుంది.

రాజశ్రీ కూడా అలాగే నిలబడింది. రామమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"సూడమ్మా, ఈశ్వరు జాగాలో ఒకరికి నౌక్రీ పక్కా. నువ్వెల్తే అది నీతోనే అయిపోద్ది. గుంటడికి పద్నాలుగు. నాలుగేళ్ళు ఆగితే ఆడికి జీవితమంతా ఉంటది. అప్పటిదాకా థోడా అడ్జస్ట్ అయిపో."

"నేనూ పది పాసయ్యాను బావగారూ" అంది రాజశ్రీ. "నేనే సేస్తాను. పిల్లల్ని నేనే సదివించుకుంటాను."

"ఆడోళ్ళు ఆ ఇనుము కాడ ఏటి సేస్తారు?"

"నా కొడుకు ఉజ్జోగం నా మనవడికే ఎల్లాల" అంది అత్తగారు వరహాలమ్మ, మూలన కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా.

అంతా తలలాడించారు. అప్పుడు రాజశ్రీ నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. అక్కడ ఉన్న ఆడవాళ్ళలో సొంతంగా జీతం తెచ్చుకునేదాన్ని నేనొక్కదాన్నే. నేనొక్క మాట అంటే చాపల మీద ఉన్నవాళ్ళు కనీసం ఆగేవారు.

నేనేమన్నానో చెప్తాను. దాచుకుని ఈ కథ రాయడం సిగ్గులేనితనం. "ఇప్పటికి అడ్జస్ట్ అవ్వమ్మా. నాలుగేళ్ళు ఎంతలో గడుస్తాయి" అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వాల్సిన కాగితం ఇంగ్లీషులో ఉండాలంటే, నా బ్యాగులోంచి పెన్ను తీసి నేనే రాశాను. తనకు ఉద్యోగం వద్దని, కొడుకు పెద్దయ్యాక అతనికి ఇప్పించమని. అర్జీలో ఉండాల్సిన మర్యాద మాటలు నాకు వచ్చినవన్నీ వేశాను. నా ఇంగ్లీషు చూసి రామమూర్తి మెచ్చుకున్నాడు. రాజశ్రీ చదవకుండానే సంతకం పెట్టింది.

ఆ నాలుగేళ్ళు ఎలా గడిచాయో నాకు తెలుసు, ఎందుకంటే రోజూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళేది. పండరీ బజారులో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో పనికి కుదిరింది. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా నిలబడి ఉండాలి. తిల్దా నుంచీ ఇంకా లోపలి ఊళ్ళ నుంచీ వచ్చే వ్యాపారులకు చీరల కట్టలు విప్పి చూపించాలి, వాళ్ళు పెదవి విరిచి వెళ్ళాక మళ్ళీ మడతపెట్టాలి. కూర్చోడానికి స్టూలు అడిగితే, సేఠ్ తన గద్దె మీద కూర్చునే, స్టూలు వేస్తే జాగా చాలదు, అడ్జస్ట్ చేసుకో అన్నాడు. రెండేళ్ళు నిండాక రైల్వే క్వార్టరు ఖాళీ చేశారు. గేటు అవతల రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఇంటావిడ కూడా అదే మాట అంది.

మొదటి ఏడాది మా ఇంట్లో కూర్చుని ఏడ్చేది. రెండో ఏడు ఏడుపు మానేసింది. కాళ్ళు ముందుకు చాపుకుని, వాచిన చీలమండలు నొక్కుకుంటూ, "టీచరుగారూ, నాకు కోపమొస్తంది. ఎవరి మీదో తెలీదు" అనేది. నాకు తెలుసు. తెలిసీ టీ ఇచ్చి పంపేసేదాన్ని.

2018లో యుగంధర్‌కు పద్దెనిమిది నిండాయి. పన్నెండో తరగతి లెక్కల్లో తప్పాడు. చెడ్డ పిల్లవాడేమీ కాదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. కాని నాలుగేళ్ళుగా పెదనాన్న వాడికి నూరిపోసింది ఒకటే: నీ ఉద్యోగం నీకోసం ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపును మోస్తున్నవి వాళ్ళమ్మ కాళ్ళు అని ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున అన్నం తింటూ వాడు ఇల్లు పంచేశాడట. ఉద్యోగం వస్తే క్వార్టరు వస్తుంది, పాతదాని లాంటిదే. ముందు గది వాడికి. అక్క ఎలాగూ పెళ్ళి చేసుకుని పోతుంది.

"నువ్వూ మామ్మా ఎనక వరండాలో అడ్జస్ట్ అయిపోండమ్మా. రేకు ఏయిస్తాను" అన్నాడట.

రాజశ్రీ వాడి కంచంలో పెరుగు వేసింది. ఆ రోజు కొట్టుకు సెలవు పెట్టి, నవ్యను వెంటబెట్టుకుని వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళింది. నవ్య అప్పటికి బీఎస్సీ రెండో ఏడు. నాలుగేళ్ళ కిందట వద్దన్న మనిషి ఇప్పుడు కావాలంటే ఇస్తారా అని అడిగింది. ఆయన ఫైలు తీయించి చూశాడు. ఇంకా అయిదేళ్ళు దాటలేదు, కొడుకు పేరు మీద ఆర్డరూ కాలేదు, కొత్త అర్జీ పెట్టుకోవచ్చన్నాడు. కాని ఒకరికే. నువ్వు చేరితే నీ కొడుక్కి లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకునే వచ్చానని చెప్పి ఇంటికొచ్చింది.

మే నెల ఆదివారం మధ్యాహ్నం. కూలర్‌లో నీళ్ళు పోస్తున్నాను. రాజశ్రీ వచ్చింది, చేతిలో నాలుగు తెల్ల కాగితాలు.

"అర్జీ రాయాల టీచరుగారూ."

"ఎవరి పేరు మీద? నవ్యదా, యుగంధర్‌దా?" అన్నాను. చూడండి, నాకు కూడా ఆ రెండు పేర్లే తట్టాయి.

"నాది" అంది.

కూర్చోబెట్టి రాయడం మొదలుపెట్టాను. పేరు, భర్త పేరు, వర్క్‌షాప్‌లో ఆయన టికెట్ నంబరు, పోయిన తేదీ. సగం పేజీ కాకముందే గేటు చప్పుడైంది. రామమూర్తి వచ్చాడు. వెనకాల యుగంధర్. వాడి మొహం ఎర్రగా ఉంది, ఏడ్చినట్టున్నాడు. రామమూర్తి చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు.

"ఏటమ్మా ఇది? ఆపీసుకెల్లినావంట. కన్నకొడుకు నోటి కాడ కూడు లాగేస్తావా? నాలుగేళ్ళు ఆగినావు. ఇంకొన్నాళ్ళు అడ్జస్ట్ అవ్వలేవా?"

రాజశ్రీ లేవలేదు. నేను నాలుగేళ్ళుగా ఎదురుచూసిన కోపం ఆ గొంతులో వినబడింది. అరవలేదు.

"నాలుగేళ్ళు నేనొక్కదాన్నే జరిగాను బావగారూ. మీరు జరిగింది ఎక్కడ? మీరు ముప్పై ఏళ్ళు బ్రేకులు బిగించారు కదా. ఒక్క పక్కకే లాగే అడ్జస్టర్ని మీరైతే బండికి ఉంచుతారా?"

"అది ఇనుము. ఇది సంసారం."

"ఇనుముకి సేసినపాటి నాయం నాకు సెయ్యండి మరి."

రామమూర్తి ముప్పై ఏళ్ళు చాక్‌పీసు పట్టుకుని గుర్తులు పెట్టినవాడే కదా. నా వైపు తిరిగాడు.

"మీరైనా సెప్పండి టీచరుగారూ. ఆ రోజు మీరు సెప్తేనే కదా ఇన్నాది."

అదీ నాకు తగలాల్సిన దెబ్బ. తగిలింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. నాలుగేళ్ళ బట్టి రామమూర్తి మీద, వరహాలమ్మ మీద, సేఠ్ మీద మండిపడుతూ తిరిగాను. ఆ చాపల రోజున నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఎక్కడో అడుగున దాచిపెట్టాను.

"ఆ రోజు నేను చెప్పింది తప్పు, రామమూర్తిగారూ" అన్నాను. "ఆమెకి నా అంత చదువు చెప్పలేకపోయాను సరే, నా అంత జీతం వచ్చే దారి ఉంటే దానికీ నేనే అడ్డం పడ్డాను. రెండోసారి పడను. మీరు చెప్పులు బయట విప్పి కూర్చుంటే మంచినీళ్ళిస్తాను, లేదా వెళ్ళిరండి."

"అమ్మకేటి సెప్పాల నాను?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అత్తని ఇన్నాళ్ళూ సూసింది నేను. రేపూ నేనే సూస్తాను. అది సెప్పండి" అంది రాజశ్రీ.

అతను వెళ్ళిపోయాడు. యుగంధర్ వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"మరి నాకేటి అమ్మా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు రాజశ్రీ కళ్ళు తడిశాయి. కొడుకు కదా. నా చేతిలో పెన్ను కూడా ఆగింది. ఇక్కడ మెత్తబడితే అంతా పోయినట్టే, ఆ సంగతి తనకీ తెలుసు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"కొట్లో నా జాగా ఖాళీ అవుద్ది. సేఠ్‌తో మాట్లాడతాను. పగలు అక్కడ నిలబడు. లెక్కలు మీ అక్క సెప్తది, పరీక్ష మల్లీ రాయి. నువ్వు సదివినంతా నేను సదివిస్తాను, జీతం నాది కదా. ముందు గది మాత్రం నీది కాదు, అందరిదీని."

"పది గంటలు నిలబడాలా?"

"నాలుగేళ్ళు నిలబడ్డాను నాన్నా. నీకు నాలుగేళ్ళక్కర్లేదు. నిన్ను అడ్జస్ట్ అవమని నేను అనను. ఆ మాట మనింట్లో ఇంకెవరూ అనొద్దు. పని ఉంది, సెయ్యి అంటన్నాను."

వాడు గుమ్మం వదిలాడు. ఇంటికెళ్ళడానికి ఆటో పిలుచుకొస్తానని బయటికి నడిచాడు. ఒప్పుకున్నాడో, కోపంతో వెళ్ళాడో నాకు అప్పుడు తెలియలేదు. అమ్మకు ఆర్డరు వచ్చి కొట్టు మానగానే ఆమె జాగాలో వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటి వారం చీలమండలు వాచి ఇంటికొచ్చి, అమ్మ కాళ్ళ వంక చూసి, మాట్లాడకుండా అన్నం తిన్నాడట. రెండోసారి లెక్కలు పాసయ్యాడు.

రాజశ్రీకి మరుసటి ఏడు మార్చిలో ఆర్డరు వచ్చింది. వర్క్‌షాప్‌లో హెల్పరు. ఇప్పటికీ పొద్దున సైరన్ కూసే వేళకు తలకు పచ్చ హెల్మెట్ పెట్టుకుని గేటులోకి పోతుంది. వరహాలమ్మ ముందు గదిలో మంచం మీద కూర్చుని, కోడలు వర్క్‌షాప్‌లో చేస్తుందని వచ్చినవాళ్ళకు చెప్పుకుంటోంది. ఆ పెద్దకర్మ రోజు తానేం అందో ఆవిడ మరిచిపోయింది. ఆవిడ అదృష్టం. నేను మరిచిపోలేను, ఆ ఆదివారం అర్జీ చివరిలో జరిగింది నన్ను మరిచిపోనివ్వదు.

యుగంధర్ ఆటో కోసం వెళ్ళాక అర్జీ పూర్తి చేశాను. చివరి వరుస దగ్గర ఆగి, చదివి వినిపించి, ఇంకేమైనా రాయాలా అని అడిగాను.

"ఒక మాట" అంది. "పోయినసారి కాయితంలో మీరొకటి రాసినారు. నేను సెప్పలేదు. ఆపీసులో ఫైలు తీసినపుడు నవ్య సదివి వినిపించింది. ఉద్యోగం నా ఇష్టపూర్తిగా ఒదులుకుంటన్నాను అని ఉంది."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజమే. అర్జీ అందంగా ఉండాలని నేనే వేశాను ఆ మాట. వంటింటి గుమ్మంలో నిలబడి నేనే చేస్తానన్న మనిషి తరఫున, ఆ మనిషి చూస్తుండగా, ఇష్టపూర్తిగా అని రాశాను. అడ్జస్ట్ అన్న మాటకు ఇంగ్లీషులో ఇంతకన్నా మర్యాదైన పేరు ఉండదేమో.

"నవ్య చేత రాయించుకోవచ్చు కదమ్మా" అన్నాను. "నాకన్నా బాగా రాస్తుంది."

"రాస్తది. అయినా మీ కాడికే వచ్చాను. ఆ మాట రాసింది మీరు. ఈసారి నేను సెప్తన్నాను, మీ సేత్తోనే రాయండి. ఈ ఉద్యోగం నేను నా ఇష్టపూర్తిగా అడుగుతున్నాను అని."

రాశాను. అక్షరాలు వంకరగా పడ్డాయి. ముప్పై రెండేళ్ళు బోర్డు మీద తిన్నగా రాసిన చెయ్యి. కొత్త కాగితం మీద తిరిగి రాస్తానన్నాను.

"అక్కర్లేదు టీచరుగారూ, సదవడానికి వస్తే సాలు" అని కాగితం తన వైపు తిప్పుకుంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు పెట్టి చదువుకుంది, తర్వాత సంతకం పెట్టింది.